ఊపిరికొక గీత

తన కోసం ప్రార్థన చెయ్యమని ఒకరిని అడిగి, వాళ్ళు కళ్ళు మూసుకుని చేస్తున్నంతసేపూ మాటలు వదిలేసి ఊపిరి మాత్రమే విన్న మనిషికి ఆ ప్రార్థన చెల్లుతుందా? విమలకుమారి గుర్తుకొచ్చినప్పుడల్లా ఆలోచన ఈ ప్రశ్న దగ్గరికే వచ్చి ఆగుతుంది. ఎన్ని పుస్తకాలు తిరగేసినా జవాబు దొరకలేదు. పాస్టరుగారిని అడిగితే నవ్వి, టీ ఇచ్చి పంపించారు.

విమలకుమారిది భీమవరం దగ్గర పల్లె. మిషన్ ఆసుపత్రిలో నర్సు చదువు పూర్తిచేసి, పెళ్ళయిన రెండో ఏట భర్త సామ్యూల్‌తో అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలోని నోవై ఊరికి వచ్చింది. దిగింది జనవరిలో. విమానాశ్రయం తలుపు తెరుచుకోగానే చలిగాలి ముక్కులోకి సూదిలా దిగితే, "ఈ జనం ఊపిరెలా పీలుస్తారండీ?" అని అడిగిందట. ఆ తర్వాత ముప్పై ఒక్క ఏళ్ళు ఊపిరితిత్తుల వార్డులోనే పనిచేసి రిటైరయింది. గ్రోసరీ స్టోర్ లైన్లో ముందు నిలబడ్డ మనిషి భుజాలు లేచిపడే తీరు చూసి, ఇతనికి మెట్లెక్కడం కష్టమని లోపల్లోపల అనుకునేది. అడక్కుండా ఎవరికీ చెప్పేది కాదు.

అంతటి మనిషీ ఒకే ఒక్కసారి పొరబడింది. సామ్యూల్ కార్ల కంపెనీలో డ్రాయింగులు గీసేవాడు. ఒక ఆదివారం ఉదయం చర్చికి తయారవుతూ మంచం అంచున కూర్చుండిపోయాడు.

"ఏమండీ, ఎలా ఉంది?"

"దేవుని కృప వల్ల బాగానే ఉన్నాను. నువ్వెళ్ళి కారు మీద మంచు గియ్యి."

ఆమె వెళ్ళింది. ముందు అద్దం మీది మంచు పూర్తిగా గీసి లోపలికి వచ్చేసరికి ఆయన అలాగే పక్కకి ఒరిగి ఉన్నాడు. ఊపిరి చూడటమే వృత్తిగా బతికిన మనిషి, ఆ ఉదయం మాట విని తృప్తిపడింది. ఈ సంగతి నోవైలో ఎవరికీ చెప్పుకోలేదు. చర్చివాళ్ళతో కలిసి గోదావరి లంకకి వెళ్ళినప్పుడు మాత్రం, అక్కడ పర్సిస్ అనే పెద్దావిడ ఒడిలో తల పెట్టుకుని ఒకే ఒక్కసారి చెప్పింది.

ఆ లంకకి నోవై తెలుగు చర్చి ఏటా పుస్తకాలూ బట్టలూ పంపుతుంది. చుట్టూ నది. ఆసుపత్రి రేవు అవతల. మనుషుల్నీ బళ్ళనీ దాటించే పంటు ఒక్కటే దారి. రెండువేల ఇరవై ఒకటి మే నెలలో కరోనా రెండోసారి విరుచుకుపడినప్పుడు ఆ దరిన ఉన్న ఐదు ఊళ్ళకీ ఒకే డాక్టరు, షాలేం రాజుగారు. డెబ్బై ఏళ్ళ మనిషి, రిటైరయ్యాక మళ్ళీ స్టెతస్కోపు మెడలో వేసుకున్నారు.

ఫోన్లో వైద్యం అనే ఆలోచన నోయెల్‌ది. ముప్పై నాలుగేళ్ళవాడు, సాఫ్ట్‌వేర్ ఇంజినీరు, చర్చిలో సౌండ్ సిస్టం చూసేవాడు. నోవైలో ఉదయం ఏడయితే లంకలో సాయంత్రం నాలుగున్నర. ఇక్కడివాళ్ళు పొద్దున్నే వీడియో కాల్ చేసి ఒక్కొక్కరినీ ఎలా ఉన్నారో అడిగి ఫారం నింపుతారు. బాగోలేదన్నవాళ్ళని షాలేం రాజుగారు చూసి మందు రాస్తారు.

"నేను డాక్టర్ని కాదు. మందు పేరు నా నోట రాదు," అని విమలకుమారి మొదటిరోజే చెప్పేసింది.

"మీరు జస్ట్ మాట్లాడండి ఆంటీ, చాలు. మిగతాది యాప్ చూసుకుంటుంది."

లంకలో ఫోన్ పట్టుకునేది ఆశా కార్యకర్త అబిగేల్. నలభై దాటిన మనిషి, గట్టి గొంతు. సిగ్నల్ ఊళ్ళో అందదు, ఏటిగట్టు మీదే. జబ్బు మనిషి డాక్టరు దగ్గరికి నడవక్కర్లేదని ఫోను పెడితే, సిగ్నల్ దగ్గరికి నడవాల్సి వచ్చింది. గట్టు మీద బోర్లించిన పడవొకటి ఉంది. రోగులు దాని మీద కూర్చుని అమెరికాతో మాట్లాడేవారు.

మొదటివారం చివర నోయెల్ సంబరంగా ఫోన్ చేశాడు. "ఆంటీ, డాష్‌బోర్డ్ చూశారా? సిక్స్టీవన్ మందిలో ఫిఫ్టీసెవెన్ గ్రీన్!"

మర్నాడే, బాగున్నట్టు ఆ ఆకుపచ్చ గడుల్లో ఉన్న పెద్దాయన ఒకరు పోయారు. ఆ మధ్యాహ్నం విమలకుమారి రికార్డింగులన్నీ వరసగా వింది. "ఎలా ఉన్నారండీ?" "దేవుని కృప వల్ల బాగానే ఉన్నామమ్మా." "మీరెలా ఉన్నారు?" "కృప వల్ల బాగున్నామండి." అరవై ఒక్క కాల్స్, దాదాపు ఒకే జవాబు. పోయిన పెద్దాయనదీ అదే. ఆమె చెవుల్లోంచి ఇయర్‌ఫోన్స్ తీసేసింది. తర్వాత నోయెల్‌కి ఫోన్ చేసింది.

"అది జవాబు కాదు నాయనా. పలకరింపు."

"అంటే?"

"బాగోలేదు అంటే దేవుడి మీద ఫిర్యాదు చేసినట్టు అనుకుంటారు. సంఘంలో పెద్దవాళ్ళయితే మరీను. పైగా బాగోలేదన్నవాళ్ళని రేవు దాటిస్తే తిరిగి రాలేదని కళ్ళారా చూశారు. ఎవడు చెప్తాడు?"

"మరి నేనేం ఆప్షన్ పెట్టాలి ఆంటీ? 'కృప వల్ల గుడ్', 'నిజంగా గుడ్' అనా?"

"నీ వీసా స్టాంపింగ్ ఆగిపోయినప్పుడు మీ మేనేజర్ ఎలా ఉన్నావంటే ఏం చెప్పావు?"

"ఆల్ గుడ్ అన్నాను."

"ఆ లంకవాళ్ళూ అదే అంటున్నారు."

వేలికి తొడిగితే ఒంట్లో ప్రాణవాయువు ఎంతుందో చూపించే చిన్న మీటర్లు నలభై పంపారుగానీ అవి దారిలో ఎక్కడో ఆగిపోయాయి. అందుకని విమలకుమారి తన వార్డు పద్ధతి మొదలుపెట్టింది. ఊపిరి తీసుకోకుండా ఒకటి నుంచి పైకి లెక్కపెట్టమనేది. ముప్పై దాటితే పరవాలేదు, పది దగ్గరే తెగితే గాభరా పడాలి. ఇంకో చిక్కు వచ్చింది. ఫోన్లో మాట తెగితే అది ఊపిరి తెగడమా, సిగ్నల్ తెగడమా? దానికీ ఆమే ఉపాయం కనిపెట్టింది. ఏడు తర్వాత నిశ్శబ్దం వచ్చి మళ్ళీ ఎనిమిది వినపడితే ఊపిరి. ఏడు తర్వాత పన్నెండు వినపడితే సిగ్నల్.

"ఆంటీ, ఇది ప్యాకెట్ లాస్ డిటెక్షన్, దారిలో ఏ ముక్క పోయిందో పట్టెయ్యడం!" అని నోయెల్ మురిసిపోయాడు.

"ఏదో ఒకటిలే," అంది ఆమె.

ఆ పద్ధతి పర్సిస్ దగ్గర పనిచెయ్యలేదు.

పర్సిస్‌కి అరవై నాలుగు. కొబ్బరి ఈనెలు గీసి చీపుళ్ళు కట్టి అమ్ముకునే ఒంటరి మనిషి. ఆ లంకలో ప్రార్థన అంటే ఆవిడే. ఆవిడ కళ్ళు మూసుకున్నదంటే పొయ్యి మీది కుండ దించి వచ్చి కూర్చోవాలని ఊళ్ళో వేళాకోళం. ఇల్లిల్లూ, గొడ్డూ గోదా, పంటు నడిపేవాడి మోకాలి నొప్పితో సహా దేవుడికి అప్పజెప్పి గానీ ఆమేన్ అనదు.

ఆరోజు షాలేం రాజుగారు ముందే చెప్పారు. "ఆసుపత్రిలో ఈ పూటకి ఆక్సిజన్ మంచం ఒక్కటే ఖాళీ. ఐదు లోపల పేరు చెప్పండమ్మా. ఐదున్నరకి ఆఖరి పంటు." లిస్టులో నలుగురున్నారు. ముగ్గురు లెక్కపెట్టారు. ఒకరు ఇరవై ఆరు, ఒకరు ముప్పై, ఒకరు పంతొమ్మిది. పంతొమ్మిదివాడి పేరు కాగితం మీద రాసుకుంది విమలకుమారి. నాలుగోది పర్సిస్. చెంగు తల మీదుగా కప్పుకుని పడవ మీద కూర్చుంది. బొమ్మ మసగ్గా ఉంది, ముఖం రంగు తెలియడం లేదు.

"వందనాలు పర్సిస్ అక్కా. ఎలా ఉన్నారు?"

"వందనాలు చెల్లెమ్మా. కృప వల్ల బాగానే ఉన్నానే. మీకు చలి తగ్గిందా?"

"తగ్గింది. దగ్గుందా?"

"దగ్గెవరికి లేదు? మా మేకక్కూడా ఉంది."

"మేక దగ్గట్లేదండి విమలమ్మగారూ," అని అబిగేల్ పక్కనుంచి అందుకుంది. "ఈవిడే దగ్గుతుంది. గోడవతల పడుకున్న నాకే నిద్దర లేదు."

"నోర్ముయ్యవే. పెద్దోళ్ళు మాట్టాడుతుంటే మధ్యలో నువ్వు."

"ఒకటి నుంచి లెక్కపెట్టండక్కా, ఊపిరి తీసుకోకుండా."

"ఎందుకూ? నన్ను బళ్ళో వేస్తావా ఏంటి? ఆ మంచవేదో పిల్లలు గలోళ్ళకి ఇవ్వండి. నాకేం జొరం లేదు, ఏం లేదు."

మాట బాగానే ఉంది. చలోక్తి బాగానే ఉంది. మాట బాగుందని తృప్తిపడ్డ ఉదయం ఒకటి విమలకుమారికి గుర్తుంది. టేబుల్ మీద కరెంటు బిల్లు కవరు ఉంటే తిప్పి పెట్టుకుని, పెన్సిల్ తీసుకుంది.

"సరే అక్కా, ఇంక ఏమీ అడగను. నా కోసం ఒక ప్రార్థన చెయ్యండి."

ప్రార్థన చెయ్యమంటే కాదనడం ఆ మనుషులకి తెలియదు. పర్సిస్ చెంగు సవరించుకుని కళ్ళు మూసుకుంది. అబిగేల్ కూడా మూసుకున్నట్టుంది, ఫోను కొంచెం ఒరిగి ఆకాశం కనిపించింది. విమలకుమారి మాత్రం కళ్ళు తెరిచే ఉంది.

"ప్రేమగల తండ్రీ... ప్రభువా... ఈ సాయంకాలం... ప్రభువా... నీ కుమార్తె విమల... ప్రభువా... దూరదేశంలో..."

ఆ సంఘాల్లో పెరిగినవాళ్ళకి ఒకటి తెలుసు. ప్రార్థనలో ప్రభువా అన్నచోటల్లా మనిషి ఊపిరి తీసుకుంటాడు. భక్తి భక్తే, ఊపిరి ఊపిరే. పర్సిస్‌కి మామూలుగా ఆ మాట పది పన్నెండు మాటలకొకసారి వస్తుంది. విమలకుమారి ప్రతి ప్రభువాకీ కవరు మీద ఒక గీత గీసింది. రెండు మూడు మాటలకొకటి. మూడు. రెండు. బొమ్మ ఆగిపోయింది, గొంతు మాత్రం వస్తోంది. సిగ్నల్ అయితే మాటలు మాయమవ్వాలి. ఒక్కటీ మాయమవ్వడం లేదు. వాక్యం పూర్తిగానే వస్తోంది, ముక్కముక్కలుగా.

"ఆమె మనసులో... ప్రభువా... సామ్యూల్ని బట్టి... ప్రభువా... ఒక బరువు..."

పెన్సిల్ ఆగింది.

"ఆ ఉదయాన... ప్రభువా... సరిగా అడగలేదని... ప్రభువా... తన్నుతాను..."

ఆ వాక్యం చివర ఏముందో వినాలని విమలకుమారికి ప్రాణం కొట్టుకుంది. ఆ బరువుని తన బదులు ఎవరో మోసుకెళ్ళి దేవుడి ముందు దించుతున్నారు. ఇంకొక్క నిమిషం ఊరుకుంటే చాలు. గడియారంలో లంక టైము ఐదుకి నాలుగు నిమిషాలు. గీతలు రెండేసి మాటల దగ్గరే పడుతున్నాయి.

"అక్కా, చాలు. ఆపండి."

పర్సిస్ కళ్ళు తెరిచింది. అబిగేల్ అయితే "అయ్‌బాబోయ్" అని ఫోన్ వదిలేసినంత పని చేసింది. పుట్టి బుద్ధెరిగాక ఎవరూ ఎవరి ప్రార్థననీ ఆమేన్ లేకుండా మధ్యలో ఆపడం వాళ్ళు చూడలేదు.

విమలకుమారి రెండో ఫోన్ స్పీకర్లో పెట్టి డాక్టరుకి చెప్పింది. "సార్, ఆ మంచం పర్సిస్‌కి."

"దేన్నిబట్టమ్మా? మీటరు లేదు. ఫారంలో ఆవిడ లెక్క గడి ఖాళీగా ఉంది. పంతొమ్మిది దగ్గర ఆగినాయన ఉన్నాడుగా?"

"ప్రార్థన రెండు మాటలకి తెగుతోంది సార్."

"ఎవరిది? పర్సిస్ ప్రార్థనా?" షాలేం రాజుగారు కూడా ఆ సంఘాల్లో పెరిగిన మనిషే. "రెండు మాటలకా? అమ్మో. అబిగేల్, పంటు ఆపించు. పంతొమ్మిదాయన్ని నేను మధ్యాహ్నం చూశాలే, పొద్దున మళ్ళీ చూస్తాను."

పర్సిస్ కదలనంది. "ప్రార్థన మధ్యలో లేపేస్తే ఎలా వస్తానే? ఆమేన్ అననియ్యి."

"తిరిగొచ్చి అందురుగాని," అంది విమలకుమారి.

"ఆయ్, లేవండి పెద్దమ్మా. దేవుడెక్కడికీ పోడులే. పంటు పోద్ది," అని అబిగేల్ రెక్క పట్టుకుని లేపింది. ఫోన్లో గట్టు మీది గడ్డీ, నాలుగు కాళ్ళూ, ఆ తర్వాత నీళ్ళూ కనిపించాయి. కాల్ కట్టయింది.

ఆసుపత్రిలో మీటరు పెడితే, తొంభై ఐదైనా ఉండాల్సింది ఎనభై రెండు. గంట ఆలస్యమైతే మన చేతుల్లో ఉండేది కాదని షాలేం రాజుగారు మర్నాడు చెప్పారు. ఇరవై ఆరూ, ముప్పై, పంతొమ్మిది ముగ్గురూ ఇంట్లోనే మందులతో తేరుకున్నారు. పర్సిస్ పదకొండు రోజులు మంచం మీద ఉంది. ఆ పదకొండు రోజులూ విమలకుమారి ఆ కవరుని ఫ్రిజ్ తలుపుకి అంటించి ఉంచింది. పారెయ్యలేకపోయింది, చూడనూలేకపోయింది.

నోయెల్ ఫారంలో కొత్త గడి చేర్చాడు. "ఆంటీ, 'ప్రార్థన' అనే ఫీల్డ్ యాడ్ చేశాను. ఏం ఎంటర్ చేయాలి? టెక్స్టా, నంబరా?"

"నంబరే," అందామె. అని, ఆ మాటకి తనే ఉలిక్కిపడింది.

ప్రార్థన అలవాటు లేనివాళ్ళని ఊళ్ళో గొడవేదైనా చెప్పమనేది. పడవల కోటేశ్వరరావు తమ్ముడితో ఉన్న గట్టు తగాదాని మొదటినుంచి చివరిదాకా దాదాపు ఒక్క గుక్కలో చెప్పేశాడు. "ఈయన ఇంటికెళ్ళి అన్నం తినొచ్చు," అంది విమలకుమారి. నెలాఖరుకి మీటర్లు వచ్చాయి. అప్పటికి ఆ లంకలో ఇంకో ఇద్దరు పోయారు. ఆకుపచ్చ గడిలో ఉండి మాత్రం ఎవరూ పోలేదు. పక్క లంకవాళ్ళు మమ్మల్ని కూడా అడగండి అని కబురు పెట్టారు. పనులకెళ్ళి వచ్చేవాళ్ళకి రాత్రి ఎనిమిదిన్నర కుదురుతుందంటే, నోవైలో ఉదయం పదకొండింటికి రెండో కాల్ మొదలుపెట్టారు.

జులైలో ఒక ఆదివారం చర్చివాళ్ళు ఏడాదిన్నర తర్వాత మొదటిసారి పార్కులో కలుసుకున్నారు. గడ్డి మీద మడతకుర్చీలు, అల్యూమినియం ట్రేల్లో పులిహోరా ఇడ్లీ. అందరూ ఒకళ్ళనొకళ్ళు తాకి చూసుకుంటున్నారు. పదింపావుకి నోయెల్ ఫోన్‌ని కెచప్ సీసాకి ఆనించి పెట్టాడు. తెర మీద పర్సిస్. ఇంటి అరుగు మీదే కూర్చుంది, చుట్టూ ఈనెల కట్టలు. కుర్రాళ్ళెవరో సిగ్నల్‌కి ఊళ్ళో చిన్న స్తంభం పాతించారట. పాస్టరుగారు నలుగురి ఎదుటా విమలకుమారిని పొగడటం మొదలుపెడితే ఆమె ప్లేటులోకి చూస్తూ కూర్చుంది. ఆయన ఆపాక లేచి ఫోన్ దగ్గరికి వెళ్ళి, గొంతు తగ్గించి మాట్లాడింది. పక్కనే ఉన్న నోయెల్‌కి మాత్రం వినిపించింది.

"అక్కా, ఒకటి చెప్పాలి. ఆరోజు నేను ప్రార్థన కోసం అడగలేదు. మీ ఊపిరి చూడ్డానికి అడిగాను."

"తెల్సులేవే."

"తెలుసా?"

"కళ్ళు మూసుకున్నాను గానీ చెవులు మూసుకున్నానా? గరగరమని పెన్సిలు గీతున్నావు. లెక్కలేసుకుంటున్నావని తెలీదా నాకు?"

"మరి చెప్పలేదేం?"

"నీ పని నువ్వు చేసుకుంటున్నావు, నా పని నేను చేసుకుంటున్నాను. చెప్పేదేవుంది?" పర్సిస్ చెంగు తల మీదికి లాక్కుంది. "వెళ్ళి కూర్చో. ఎక్కడ ఆపించావో అక్కడనుంచే ఎత్తుకుంటాను. మళ్ళీ ఆపావంటే ఊరుకోను."

అందరూ తలలు వంచారు. పులిహోర వడ్డిస్తున్నవాళ్ళు గరిటెలు పట్టుకునే కళ్ళు మూసుకున్నారు.

"...తన్నుతాను నిందించుకుంటున్నది ప్రభువా. అడిగింది తండ్రీ, నీ బిడ్డ ఆ ఉదయాన అడిగింది, అడగవలసినట్టే అడిగింది, చెప్పవలసినవాడు కృప అని చెప్పి ఊరుకున్నాడు, నేనూ అలాగే చెప్పినదాన్నే, మా నోళ్ళు అట్లా అలవాటుపడ్డాయి, దానికి ఈ పిల్ల మీద బరువెందుకు పెడతావు ప్రభువా..."

గొంతు ఎక్కడా తెగలేదు. అక్కడనుంచి ఇల్లిల్లూ వరసపెట్టింది. పంటువాడి మోకాలు, షాలేం రాజుగారి షుగరు, నోయెల్ వీసా, అబిగేల్ నోరు, తన మేక. ఇడ్లీలు చల్లారిపోయాయి.

ఆమేన్ అని కళ్ళు తెరిచేసరికి విమలకుమారి కుర్చీ ఖాళీగా ఉంది.

"అదేంటి, వందనాలు కూడా చెప్పకుండా వెళ్ళిపోయింది?" అని ఎవరో అన్నారు.

నోయెల్ టైము చూశాడు. పదకొండుకి పది నిమిషాలు, లంక రెండో కాల్ వేళ. పార్కింగ్ లాట్ చివర ఆమె పాత కారు ఎడమ సిగ్నల్ వేసి, కాసేపు ఆగి, మెల్లగా రోడ్డెక్కింది. కుర్చీలో ఆమె పేపర్ ప్లేటు ఉంది. దాని అంచున పెన్సిల్‌తో గీసిన గీతలు మూడు. మూడో గీత దగ్గరే లెక్క ఆపేసి, పక్కన పెన్సిల్ పెట్టేసి ఉంది.